సూడో అనే ముందు

ఆ రోజు నేను చేసిన తప్పు నాలుగు అక్షరాలు కొట్టడం. ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు. కంప్యూటర్ పని తెలిసినవాళ్ళు దాన్ని సూడో అని పలుకుతారు. ఆ మాట ముందు పెట్టి ఏ ఆజ్ఞ ఇచ్చినా యంత్రం ఎదురు చెప్పదు. మూసిన తలుపు తెరుస్తుంది, తాకొద్దన్న ఫైలును తుడిచేస్తుంది. అది కొట్టడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. కొట్టింది నేనేనని ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నా తప్పును తన మీద వేసుకుని, నన్ను ఒక్క మాట కూడా అడగకుండా తిరిగిన మనిషి ఇప్పుడు లేరు.

ఈ మధ్యాహ్నం ప్రొద్దుటూరులో నా షాపుకు జమ్మలమడుగు నుంచి ఒక పాత కంప్యూటర్ మరమ్మతుకు వచ్చింది. మగ్గం పక్కన ఏళ్ళ తరబడి పనిచేసిన పెట్టె. మరలు తీసి పక్క రేకు విప్పగానే పట్టు నూగు, గంజి, వేడెక్కిన దుమ్ము కలిసిన వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాను. పీరాసారు గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే వాసన ఉండేది.

ఆయన పూర్తి పేరు హుసేన్‌పీరా. మేమందరం పీరాసారు అనేవాళ్ళం. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మేడ మీద రెండు గదులు ఆయన కార్యాలయం. పన్నెండేళ్ళు కువైట్‌లో ఏదో కంపెనీ కంప్యూటర్లు చూసుకుని, మోకాళ్ళ నొప్పులు తెచ్చుకుని తిరిగి వచ్చినాయన. వచ్చాక అంగడి పెట్టకుండా, ఆటోలు కొనకుండా, నేతగాళ్ళ పనిలో పడ్డారు. వెనకటి రోజుల్లో చీర మీద పువ్వు రావాలంటే డిజైన్ ప్రకారం చిల్లులు కొట్టిన అట్టలు వందల కొద్దీ మగ్గం మీద వేలాడదీసేవాళ్ళు. తర్వాత అట్టల స్థానంలో చిన్న కంప్యూటర్ వచ్చింది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ విదేశాల్లో ఎవరో పుణ్యాత్ములు రాసి, ఎవరైనా వాడుకోవచ్చునని వదిలేశారు. కానీ అది మన మగ్గాలకు సరిపడేది కాదు. పీరాసారు దానికి ప్యాచ్‌లు రాసేవారు. ప్యాచ్ అంటే బట్టకు మాసిక వేసినట్టే. ఫలానా చోట ఈ వరుస తీసేసి ఆ వరుస పెట్టమని చెప్పే చిన్న కాగితం అనుకోండి. మాసికలన్నీ వేశాక మొత్తాన్ని ఒక మూటగా, ఒక ప్యాకేజీగా కట్టి మగ్గాల దగ్గరికి పంపేవారు.

మాది పులివెందుల దగ్గర పల్లె. చీనీ, అంటే బత్తాయి, తోటల ఇల్లు. మా పెదనాయనను చుట్టుపక్కల ఎవరూ పేరు పెట్టి పిలవరు, పెద్దాయన అంటారు. పెద్దాయన వాళ్ళ పిల్లోడినని చెబితే చాలు, ఆసుపత్రిలో చీటీ, ఆఫీసులో సంతకం, బస్సులో కిటికీ పక్క సీటు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. వరసలో నిలబడటం అనేది ఎవరో వేరేవాళ్ళ అలవాటని అనుకుంటూ పెరిగాను. ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగం రాక తిరుగుతుంటే, ఆ పీరాసారు దగ్గరికి కూడా పెదనాయన ఫోనే నన్ను పంపింది.

"మీ పెదనాయన ఫోన్ జేసినాడు. శానా మర్యాదగా మాట్లాడినాడు," అన్నారు పీరాసారు, మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి. "ఇదిగో, ఈ ప్యాకేజీ పొద్దున్నుంచి కట్టుకోనంటాంది. ఎందుకో సూడు."

తెరమీద ప్యాచ్ సగంలో ఆగిపోయి ఉంది. ఒక ఫైలు దగ్గర 'అనుమతి లేదు' అని ఇంగ్లీషులో రాసి ఉంది. నేను రెండో ఆలోచన లేకుండా ముందు సూడో తగిలించి మళ్ళీ అదే ఆజ్ఞ కొట్టాను. గడగడా నడిచిపోయింది.

"అయిపోయింది సార్."

"ఏం జేసినావు?"

"సూడో కొట్టినా."

"నేనేం జెప్పినా?"

"ఎందుకో సూడు అన్నారు."

ఆయన పొట్ట కదిలేలా నవ్వారు. "నేను సూడు అంటే నువ్వు సూడో కొట్టినావు." మా సీమలో చూడు అనే మాటను సూడు అంటాం కాబట్టి ఆ హాస్యం ఆయన చాన్నాళ్ళు వదల్లేదు. నవ్వు ఆపి అన్నారు: "ఈ మెషీన్లో గూడా ఒక పెద్దాయన ఉండాడప్పా. రూట్ అంటారు ఆయప్పను. సూడో అంటే ఏమీ ల్యా, ఆయప్ప పేరు జెప్పుకొని పని జేయించుకోవడం. ఎవురూ అడ్డం రారు. సరే, ఆ ఫైలు ఎందుకు ఆగిందో తెలిసిందా?"

"లేదు సార్."

"మరి ఏందప్పా అయిపోయింది?"

పెద్దాయన అన్న మాట ఆయన కావాలనే వాడారో, నోటికి వచ్చి అన్నారో అప్పుడు అర్థం కాలేదు. నా చెవులు మాత్రం కాలాయి.

మరుసటి రోజు పొద్దున ఆయన కూర్చుని చిన్న మార్పు చేయబోతే ఒక్క ఫైలూ చేయి పెట్టనివ్వలేదు. నేను పెద్దాయన పేరుతో కట్టాను కాబట్టి పుట్టిన ఫైళ్ళన్నీ పెద్దాయన పేరు మీద పుట్టాయి. అసలు ముందు రోజు ఆగిపోయిన ఫైలు కథ కూడా అదే. అంతకు ముందు ఎవరో నాలాంటివాడే సూడోతో కట్టి పోయాడు. పీరాసారు విసుక్కోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ప్రతి ఫైలు ముందూ ఉండే పది గుర్తులను నా చేత పైకి చదివించారు.

"మొదట ఫైలు ఎవరిది? తర్వాత, ఏ గ్రూపుది? ఆ తర్వాత బయటోళ్ళకు ఏముండాది? ముగ్గురే మనుషులు. చదవడం, రాయడం, నడపడం. మూడే పనులు. దీంట్లో తెలీకుండా పోయేది ఏమీ ల్యా."

"గ్రూపు అంటే మన జిల్లాలో వేరే అర్థం ఉంది కదా సార్," అన్నాను చొరవగా.

"రెండూ ఒకటే. దాంట్లో లేనోడు బయట నిలబడాల," అన్నారు నవ్వకుండా.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఇంకో చిక్కు వచ్చింది. ఒక ప్యాచ్ కొత్త స్క్రిప్టును, అంటే కట్టే పనిలో తనంతట తాను నడవాల్సిన చిన్న ఫైలును తెచ్చిపెట్టింది. దాని దగ్గరికి రాగానే మళ్ళీ 'అనుమతి లేదు'. ఈసారి బుద్ధిగా చదివాను. ఫైలు నాదే. గ్రూపు మాదే. చదవడానికీ రాయడానికీ అడ్డం లేదు. పీరాసారు టీ తాగడానికి కిందికి దిగారు కదా అని గుట్టుగా సూడో కొట్టాను. అప్పుడూ అదే జవాబు. నాకు నిజంగా భయమేసింది. ఆయన మెట్లెక్కి వచ్చి నా వెనక నిలబడి చూశారు.

"పెద్దాయన వచ్చినా కదల్లేదా?"

"లేదు సార్."

"ప్యాచ్ ఏం తెస్తాది? అక్షరాలు తెస్తాది. కొత్తగా పుట్టిన ఫైలును నడపొచ్చునని దాంట్లో యాడ రాసిండాది? నడిపే అనుమతి ఒక్కరికన్నా ఇచ్చిండాల. ఎవురికీ లేనిదాన్ని పెద్దాయన గూడా నడపలేడు. మూడో గుర్తు సదవలేదు నువ్వు."

చదవలేదు. ఒక్క గుర్తు మార్చాను, నడిచింది. ఆయన తన టీలో సగం ఇంకో గ్లాసులో పోసి నా ముందు పెట్టారు.

ఇదంతా కంప్యూటర్ దగ్గర పాఠమనే అనుకున్నాను. పులివెందులలో ఒక రోజు అది వేరుగా కనిపించింది. పీరాసారు భార్య పుట్టిన ఊరు పులివెందుల. ఆమె పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ కాగితం కావాల్సి వచ్చి, మా ఊరి పక్కనే కదా అని నన్ను తోడు తీసుకుపోయారు. ఆఫీసు ముందు వరస ఎండలోకి సాగి ఉంది. ఆయన మోకాళ్ళు చూసి, "నేను లోపలికి పోయి పెదనాయన పేరు చెప్తా సార్, పది నిమిషాల పని," అన్నాను. "ఉండప్పా," అని వరస చివర నిలబడ్డారు. ముందున్న ముసలాయనతో చీనీకాయల ధర మాట్లాడుకుంటూ, కాలు మార్చి కాలు వేసుకుంటూ, కిటికీ దాకా చేరేసరికి లోపలి గుమాస్తా ఒక కాగితం తక్కువైందన్నాడు. పోయి తెచ్చుకుని మళ్ళీ నిలబడ్డాం. తిరుగు బస్సులో నేను మూతి బిగించుకుని కూర్చుంటే ఆయనే అన్నారు.

"నువ్వు లోపలికి పోయింటే పొద్దున్నే పనైపోయేది. ఆ కాగితం తక్కువైందని మాత్రం మనకు తెలిసేది కాదు. రేపు పాస్‌పోర్టు ఆఫీసులో ఆగేది. ఆడికి మీ పెదనాయనను యాడ తీస్కపోయేది?"

ఆ మాట నాకు బాగా నచ్చింది. మా ఇంట్లో కూడా చెప్పి నవ్వించాను. నచ్చిన మాట చేతుల్లోకి దిగడానికి మాత్రం నా విషయంలో చాలా ఆలస్యమైంది, ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది నేను కాదు.

నారాయణ మామ జమ్మలమడుగులో నేతగాడు. వాళ్ళది కొండాపురం వైపు పల్లె. గండికోట జలాశయం కింద ఊరు మునిగిపోతే జమ్మలమడుగుకు వచ్చి, ఒక షావుకారు మగ్గాల మీద పనికి కుదిరాడు. ఆ ఊళ్ళోనూ ఇక్కడా కలిపి ముప్పై ఏళ్ళుగా ఎవరెవరివో డిజైన్లు నేశాడు. యాభై దాటాక సొంతంగా ఒక చీర వేయాలని మనసు పుట్టింది. మునిగిపోయిన ఊళ్ళో వాళ్ళింటి తలుపు చుట్టూ చెక్కడం ఉండేదట. వాళ్ళ తాత చేయించింది. తీగ, చిలకలు, పైన అడ్డకమ్మీ మీద ఏవో పూలు. ఆ తలుపును చీర కొంగు మీదికి తేవాలని ఆయన కోరిక. నాలుగు నెలలపాటు ప్రతి గురువారం బస్సెక్కి వచ్చి పీరాసారు పక్కన కూర్చునేవాడు. అంచు మాత్రం ఇంటి దగ్గర గ్రాఫ్ కాగితం మీద గీసుకున్నాడు. కొంగంతా ఇక్కడే, తెరమీద, జ్ఞాపకం నుంచి చుక్క చుక్కా చెప్తూ పెట్టించాడు. "ఆ చిలక ముక్కు అట్ల కాదు సార్, ఇంకొంచెం వంగల్ల. నేను చిన్నప్పుడు దాన్ని పట్టుకొనే ఎగబాకేది," అనేవాడు.

ఆ డిజైన్ కోసం పీరాసారు యంత్రంలో నారాయణ మామ పేరుతో వేరే ఖాతా తెరిచారు. ఆ ఖాతా ఫోల్డర్‌లో ఉన్నది మేము చదవగలం. దిద్దడానికీ తుడవడానికీ ఆయన తప్ప ఎవరికీ అనుమతి లేదు. రహస్య పదాన్ని మామ ఒంటి వేలితో కొడుతుంటే మేమిద్దరం గోడవైపు తిరిగి నిలబడేవాళ్ళం.

"ఇంత ఎందుకు సార్, ఉండేది మనమిద్దరమే కదా?" అని అడిగాను ఒకసారి.

"ఆయప్ప ముప్పై ఏండ్లు పరాయోళ్ళవి నేసినాడు. ఇదొక్కటి ఆయప్పది," అన్నారు.

శ్రావణమాసానికి మొదటి చీర దింపాలని మామ షావుకారుకు చెప్పేసి పని మానుకున్నాడు. ఇంట్లో సొంత మగ్గం నిలబెట్టుకున్నాడు. బెంగళూరు నుంచి ఒక చీరల వ్యాపారి చూడటానికి వస్తానన్నాడు. ఆ డిజైన్ ఉంటే మామ తన మగ్గానికి తానే యజమాని, లేకపోతే మళ్ళీ షావుకారు కొట్టంలో కూలి.

అప్పుడు నేనొక ప్యాచ్ రాస్తున్నాను. అది సరిగా పనిచేస్తోందో లేదో అసలైన డిజైన్ మీద పరీక్షించాలి. "నారాయణదానికి నకలు తీసుకొని దాని మీద సూసుకో," అని పీరాసారు చెప్పారు. నకలు తీయడానికి బద్ధకించి, నా పరీక్షల ఫోల్డర్ నుంచి నేరుగా ఆయన ఫోల్డర్‌కు ఒక దారి పెట్టుకున్నాను. అదే ప్యాచ్‌లో ఇంకో వరుస కూడా నేనే రాశాను: కట్టడం మొదలుపెట్టే ముందు పరీక్షల ఫోల్డర్‌లోని పాత చెత్తంతా తుడిచెయ్ అని. రెండూ కలిస్తే ఆ తుడుపు దారి వెంట మామ ఫోల్డర్‌లోకి పోతుందని ఆలోచించలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. అన్నిటికీ నకళ్ళు దాచే డిస్కు నెల కిందటే చెడిపోయింది. కడప నుంచి కొత్తది తెమ్మని పీరాసారు నాకు చెప్పారు. వచ్చే వారం, వచ్చే వారం అంటూ గడిపాను.

ఆ రోజు పీరాసారు మామ ఇంట్లో మగ్గానికి కంప్యూటర్ బిగించడానికి జమ్మలమడుగు పోయారు. పదకొండు గంటలప్పుడు ఫోన్ చేసి, "ఈడ అంతా సిద్ధంగా ఉండాది. నీ ప్యాచ్ ఏసి ప్యాకేజీ కట్టి పంపు," అన్నారు. కట్టడం మొదలుపెట్టాను. మొదట్లోనే ఆగింది. అనుమతి లేదు. ఆ వరుస చివర ఫైలు పేరు ఉంది, ఆ ఫైలు ఎవరిదో ఉంది. నేను చదవలేదు. అక్కడ వాళ్ళు ఎదురు చూస్తున్నారు, నా ప్యాచ్ మొదటిసారి బయటికి పోతోంది, ఈ చిన్న అడ్డం ఏంటని విసుగు. సూడో కొట్టాను. ఏ తాళమైతే ఆ నాలుగు నెలల పనిని నా నుంచి కాపాడుతూ నిలబడిందో దాన్ని పెద్దాయన పేరు చెప్పి తీయించాను. ప్యాకేజీ తయారైంది. పంపాను.

"శభాష్," అన్నారు పీరాసారు ఫోన్లో. "ఇంక నారాయణ డిజైన్ గూడా పంపు." వెనక నుంచి మామ గొంతు వినిపించింది: "మగ్గానికి పూలు గూడా కట్టినాం అప్పా, బిన్నా పంపు, ఆలస్యం జేయొద్దు."

ఫోల్డర్ తెరిచాను. ఏమీ లేదు.

"సార్, ఫోల్డర్ ఖాళీగా ఉంది."

"ఖాళీనా? ఏం జరిగింది?"

"ఏమో సార్. నేను చూసేసరికే ఇట్లుంది."

ఆ మాట నా నోటి నుంచి ఎంత నున్నగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. సూడో కొట్టడం తొందరపాటు. ఇది తొందరపాటు కాదు.

మధ్యాహ్నానికి ఇద్దరూ వచ్చారు. పీరాసారు చెప్పులు విప్పి నేరుగా యంత్రం ముందు కూర్చున్నారు. ఎవరు ఎప్పుడు సూడో వాడినా ఆ యంత్రం ఒక చోట రాసిపెట్టుకుంటుంది, దాన్ని తెరిచారు. ఆయన భుజం మీదుగా నాకు నా పేరు కనిపించింది. దాని పక్కన గంట, నిమిషం, నేను కొట్టిన ఆజ్ఞ. ఆయన ఒక్కసారి చదివి దాన్ని మూసేశారు. తిరిగి నా వైపు చూడలేదు. ఆ రోజు, మర్నాడు, పోయిన ఫైళ్ళను వెలికి తీయడానికి తెలిసినవన్నీ చేశారు. వాటి చోటులోనే నా కొత్త ప్యాకేజీ వచ్చి కూర్చుంది. అక్కడక్కడా తునకలు తప్ప ఏమీ దొరకలేదు.

"నా మెషీన్లో పోయింది నారాయణా," అన్నారు. "తప్పు నాది."

మామ తెర దగ్గరికి వంగి చూశాడు. "ఇంత తాళం ఏసి నువ్వే పోగొట్టినావా సార్?" అన్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. అవి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

మామ మళ్ళీ షావుకారు కొట్టానికి పోయాడు. జమ్మలమడుగులో ఆయనుండే వీధిలో మాట పాకింది. పీరాసారు దగ్గర డిజైన్లు దాచుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తీసుకుపోయారు. ఒకాయన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుంటూ, "మీ మంచితనానికేం సార్, చేతులే నమ్మేటట్లు ల్యా," అని పోయాడు. పీరాసారు ఆయన్ను మెట్ల దాకా సాగనంపి వచ్చారు. నేను మాత్రం నాకు నేను సాకులు చెప్పుకుంటూనే ఉన్నాను: దారి పెట్టొద్దని ఆయన గట్టిగా చెప్పలేదు కదా, డిస్కు ఆయనే తెచ్చుకోవచ్చు కదా. ఆయన నాతో ఎప్పటిలాగే మాట్లాడేవారు. టీ సగం పోసి ఇచ్చేవారు. సూడో, సూడు అనే హాస్యం మాత్రం మానేశారు. దాన్ని నేను భరించలేకపోయాను.

ఒక శుక్రవారం ఆయన నమాజు నుంచి వచ్చి, పాత బ్రష్‌తో కీబోర్డు దుమ్ము దులుపుతుంటే ఎదురుగా నిలబడ్డాను.

"సార్, నారాయణ మామ ఫైళ్ళు పోయింది నా వల్ల."

"తెలుసు. ఆ రోజే సూసినా."

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగితే నాకు జెప్తావు. నాకు జెప్తే ఏమొస్తాది? ఆ ఫైళ్ళు ఎవరివి?"

"నారాయణ మామవి."

"మరి?" అని మళ్ళీ దులపడం మొదలుపెట్టారు.

నాకు ఏడుపొచ్చింది. "మీరైనా నన్ను క్షమించండి సార్," అన్నాను.

"దానికి నాకు ఇజాజత్ ల్యా," అన్నారు. ఉర్దూలో అనుమతి అని. "నేను మాఫీ ఇస్తే అది తీసుకొని హాయిగా ఇంటికి పోతావు. నేను గూడా నీకొక పెద్దాయన్నైతా."

"నా వల్ల మీ పేరు పోయింది కదా. అది మీదే కదా సార్."

"అది నాది. దాన్ని నేను సూసుకుంటా. నా మెషీన్లో పోయింది కాబట్టి తప్పు నాదన్నా. అబద్ధం జెప్పలా. నువ్వు జెప్పాల్సింది నువ్వు జెప్పుకోవాల."

మర్నాడు ఒంటరిగా జమ్మలమడుగు బస్సెక్కాను. పెదనాయనకు ఫోన్ చేసి ఎవరితోనైనా ముందుగా ఒక మాట చెప్పించాలని దారిలో రెండుసార్లు అనిపించింది. అది కూడా రాస్తున్నాను, ఎందుకంటే అనిపించింది నిజం. షావుకారు కొట్టంలో మామ మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. చెప్పాను. డిస్కు సంగతి, దారి సంగతి, ఫోన్లో చెప్పిన అబద్ధం, అన్నీ. ఆయన చేతులు ఆగాయి. పక్క మగ్గాలు కొట్టుకుంటూనే ఉన్నాయి.

"నువ్వా?" అన్నాడు. "ఆ పీరాసారును ఈ వీధంతా తిరిగి తిట్టినా గదప్పా నేను. మా ఇంటికొచ్చి మగ్గం బిగించి, మా ఇంట్లో మజ్జిగ తాగి పోయిన మనిషిని."

"మామా, నేను..."

"డిజైన్ పోయిందానికి నాకు కోపం ల్యా అంటే అబద్ధం. ఉండాది. అది ఉండనీ. ముందు లేసి పోయి, నేను యా యా ఇంట్లో తిట్టినానో ఆ ఇండ్లలో జెప్పి రా."

ఆయన ఇళ్ళు చెప్పాడు. నేను పోయాను. పెద్దాయన వాళ్ళ పిల్లోడు అంటే ఆ వీధిలో ఎవరికీ తెలియదు, తెలియకపోవడమే మంచిదైంది. ఒక్కో గుమ్మం దగ్గర నిలబడి, పోగొట్టింది పీరాసారు కాదు, నేను అని చెప్పాను. కొందరు కూర్చోమన్నారు. కొందరు తలుపు దగ్గర్నుంచే విన్నారు. దారం చుడుతున్న ఒక ముసలామె అంతా విని, "ఇంజనీరు సదివినావా నాయనా?" అని అడిగింది. అవునన్నాను. "ఇదంతా అందులో జెప్పరా?" అంది. ఆమె ఎగతాళి చేస్తోందో, తెలుసుకోవాలనే అడిగిందో నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ మామ ఇంట్లోనే. అంచు గ్రాఫ్ కాగితం మీద మిగిలింది కాబట్టి త్వరగానే అయింది. కొంగుకు ఆధారం, ముందెప్పుడో పరీక్ష కోసం నేసి చూసుకున్న జానెడు గుడ్డ. భూతద్దం కింద పెట్టి సూదిమొనతో పోగు పోగూ లెక్కపెడుతూ నేను చెప్తుంటే మామ గ్రాఫ్ మీద చుక్క పెట్టేవాడు. గుడ్డలో లేనిచోట కళ్ళు మూసుకుని, గాలిలో తలుపు చట్రాన్ని వేలితో తడిమేవాడు. తీగ వచ్చింది. చిలకలు వచ్చాయి. పైన అడ్డకమ్మీ మీది పూలు మాత్రం రాలేదు. మొదటిసారి చెప్పినప్పుడు అవి ఎట్లా గుర్తొచ్చాయో ఆయనకే తెలియదు. పోయి చూసుకుందామంటే ఆ తలుపు నీళ్ళ అడుగున ఉంది. వేరే పూలు వేద్దామంటే ఒప్పుకోలేదు. ఆ చోటును ఏ పనీ లేని సాదా పట్టీగా వదిలేసి నేశాడు. అప్పటికి శ్రావణం దాటిపోయింది. బెంగళూరు వ్యాపారి మరుసటి ఏడు వచ్చాడు.

మొదటి చీర మగ్గం నుంచి దించిన రోజు పీరాసారును పిలిపించాడు మామ. గుమ్మంలోనే ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత చీర విప్పి పరిచారు. పీరాసారు మోకాళ్ళు పట్టుకుని కష్టంగా వంగి, చిలకల మీదుగా పైకి చూసుకుంటూ పోయి, ఆ సాదా పట్టీ దగ్గర ఆగారు.

"ఈడేముండాది నారాయణా?"

"ఆడ మీవాడు ఉండాడు సార్," అన్నాడు మామ నన్ను చూపించి.

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నవ్వొచ్చునని ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మామ ఆ కొంగును ఇప్పటికీ అట్లాగే నేస్తున్నాడు. ప్రొద్దుటూరు అంగళ్ళలో ఆడవాళ్ళు ఆ ఖాళీ పట్టీ మీద చేయి పెట్టి, ఇది కొత్త ఫ్యాషనా అని అడుగుతుంటారు. నేను అక్కడ ఉంటే, కాదమ్మా, అక్కడ పూలు ఉండాల్సింది, నేను పోగొట్టాను అని చెప్తాను. ఎట్లా పోగొట్టానో, నా బదులు ఎవరు మాట పడ్డారో అడిగితే అది కూడా చెప్తాను. చీరల అంగడివాళ్ళకు నేను రావడం పెద్దగా ఇష్టం ఉండదు.